నీళ్ల ఫైళ్లు, చైనా వాళ్ల ఫైళ్లు: అమెరికా ఆన్‌లైన్ ఆర్కైవ్స్ మీద వైజాగ్ నుంచి ఒక రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద వస్తుంది గానీ, పైసా కట్టకుండా, వీసా లేకుండా, మద్దిలపాలెంలో అద్దె ఇంట్లో మంచం మీద కూర్చుని, అమెరికా వాళ్లు నూరేళ్ల కింద నదుల నీళ్లు ఎలా పంచుకున్నారో ఆ కాగితాలూ, ఆ కాలంలోనే అక్కడికి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన చైనా వాళ్లని ఓడ దిగగానే కూర్చోబెట్టి ఏమేం అడిగారో ఆ కాగితాలూ, రెండూ చదువుకోవచ్చు అంటే మాటలు కాదండీ. ఈ రెండింటికీ సంబంధం ఏంటి అంటారేమో, ఉంది, చాలా గట్టిగా ఉంది, దాని వల్లే ఈ రివ్యూ ఇంత పొడుగైంది.

నా సంగతి ఒక్క ముక్క. ఇక్కడ ఒక అడ్వకేట్ గారి దగ్గర జూనియర్‌గా చేస్తున్నా. వంశధార, కృష్ణా లాంటి అంతర్రాష్ట్ర నదుల గొడవల మీద సార్‌కి ఒక నోట్ కావాల్సి వచ్చింది, వేరే దేశాల్లో రాష్ట్రాలు నీళ్లు ఎలా పంచుకుంటాయో అది కూడా రెండు పేజీలు పెట్టమ్మా అన్నారు. ఆ రెండు పేజీల కోసం మొదలెట్టిన వెతుకులాట నోట్ ఇచ్చేశాక కూడా ఆగలేదు, అదీ విషయం.

వాడినవి ముఖ్యంగా మూడు. ఒకటి అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్, వాళ్ల కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల పాత కాగితాలకి ఇదే గుమ్మం. రెండోది ఆన్‌లైన్ ఆర్కైవ్ ఆఫ్ కాలిఫోర్నియా, దీన్ని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ల డిజిటల్ లైబ్రరీ నడుపుతుంది, ఆ రాష్ట్రంలో మూడొందల పైచిలుకు లైబ్రరీలు, మ్యూజియంలు, హిస్టారికల్ సొసైటీల్లో ఏ పెట్టెలో ఏముందో చెప్తుంది. మూడోది కాలిస్ఫియర్, అదీ వాళ్లదే, ఫోటోలూ స్కాన్లూ నేరుగా చూపిస్తుంది. వీటికి తోడు బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ (పడమటి రాష్ట్రాల్లో డ్యాములూ కాలవలూ చూసుకునే అమెరికా కేంద్ర శాఖ) సైట్‌లో 'లా ఆఫ్ ద రివర్' అని ఒక పేజీ ఉంది, కొలరాడో నదికి సంబంధించిన ఒప్పందాలు, చట్టాలు, కోర్టు డిక్రీలు ఒకచోట పెట్టారు. చట్టం చదివేవాళ్లు ముందు అక్కడికే వెళ్లండి, బోలెడు టైం కలిసొస్తుంది.

ఆన్‌లైన్ ఆర్కైవ్ ఆఫ్ కాలిఫోర్నియా గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వెళ్లినవాళ్లు ఉసూరుమనేది ఇక్కడే. పేరు చూసి లోపల కాగితాలన్నీ ఉంటాయనుకుంటారు. చాలావరకు ఉండవు. ఇది హోటల్ బయట పెట్టిన మెనూ బోర్డు లాంటిది, ఏమేం ఉన్నాయో నోరూరేలా రాసుంటుంది, తినాలంటే లోపలికి వెళ్లాలి, ఆ లోపల అనేది బర్కిలీలోనో డేవిస్‌లోనో ఉంటుంది. వాళ్లు దీన్ని ఫైండింగ్ ఎయిడ్ అంటారు. ఫలానా ఇంజనీరు గారి కాగితాలు, ఇన్ని పెట్టెలు, మూడో పెట్టెలో ఏడో ఫోల్డర్‌లో ఫలానా కాలవ మీద ఉత్తరాలు, ఇలా. మొత్తం ఎంత ఉందో అడుగుల్లో చెప్తారు, అంటే కాగితాలన్నీ అల్మరాలో వరసగా నిలబెడితే ఎన్ని అడుగుల పొడవు వస్తుందో అంత, నాకది భలే నచ్చింది.

కాకపోతే ఆ మెనూ బోర్డే ఒక చదువు అని నా అభిప్రాయం. ప్రతి కలెక్షన్‌కీ ముందు ఆ మనిషి లేదా ఆ సంస్థ చరిత్ర రాస్తారు, ఆర్కైవిస్టులు రాసిన ఆ పేజీ రెండు పేజీల పరిచయాలు కొన్ని పుస్తకాల కంటే నయం. బర్కిలీ ఎథ్నిక్ స్టడీస్ లైబ్రరీలో ఉన్న హిమ్ మార్క్ లై గారి కాగితాల లిస్టు చూడండి, చైనీస్ అమెరికన్ చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన మనిషి ఆయన, 2009లో పోయారు. సంఘాలు, పేపర్లు, ఊళ్లు, స్కూళ్లు, ఒక్కో హెడింగ్ చదువుతుంటేనే ఒక సమాజం మొత్తం కళ్లకి కడుతుంది, లోపలి కాగితం ఒక్కటి కూడా తెరవకుండానే.

ఇక నీళ్లు. కొలరాడో నది ఒప్పందం మీద 1922 నవంబర్ 24న శాంటా ఫేలో సంతకాలయ్యాయి. ఏడు రాష్ట్రాలు, కమిషన్‌కి ఛైర్మన్ హెర్బర్ట్ హూవర్, అప్పటికి ఆయన వాణిజ్య మంత్రి, ప్రెసిడెంట్ అవ్వడానికి ఇంకా టైముంది. నదిని లీ ఫెర్రీ అనే చోట ఎగువ, దిగువ అని రెండు చేసి, ఏడాదికి చెరో 75 లక్షల ఎకరా-అడుగులు అని రాసుకున్నారు. ఎకరా-అడుగు అంటే ఎకరం నేల మీద అడుగు లోతు నిలబెట్టిన నీళ్లు. మనకి టీఎంసీల్లో చెప్తే గానీ బుర్రకెక్కదు కదా, లెక్క కట్టి చూశా, ఒక్కో వాటా సుమారు 327 టీఎంసీలు. రెండూ కలిపినా 653 వస్తుంది. బచావత్ ట్రిబ్యునల్ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఒక్క కృష్ణాలోనే ఇచ్చింది 811. అంటే ఏడు రాష్ట్రాలు నూరేళ్లుగా కోర్టులెక్కి కొట్టుకుంటున్న నీళ్లు మన ఒక్క రాష్ట్రం కృష్ణా వాటా కంటే తక్కువ! ఈ లెక్క నోట్‌లో పెడితే సార్ రెండుసార్లు చదివి, ఇది కరెక్టేనా అని కాలిక్యులేటర్ తీశారు.

అసలు తిరకాసు ఏంటంటే, వాళ్లు లెక్కలు వేసుకున్న ఏళ్లు మామూలు కంటే నది బాగా పారిన ఏళ్లు, ఆ మంచి రోజులు చూసి స్థిరమైన అంకె రాసేసుకున్నారు. తర్వాత నది సగటున అంత పారలేదు, పైగా 1944లో మెక్సికోకి ఇంకో 15 లక్షల ఎకరా-అడుగులు ఇస్తామని ఒడంబడిక చేసుకున్నారు, అదో 65 టీఎంసీలు. మన బచావత్ గారు 75 శాతం డిపెండబిలిటీ అని, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు గ్యారంటీగా వచ్చే నీళ్లెంత అని చూసి 2060 టీఎంసీల దగ్గర లెక్క తేల్చారు. మన ట్రిబ్యునళ్లని తిట్టుకోవడం మనకి అలవాటే గానీ ఈ ఒక్క విషయంలో మనవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉన్నారనే అంటా.

ఈ ఒప్పందం వెనక అసలు బుర్ర డెల్ఫ్ కార్పెంటర్ అని కొలరాడో తరఫు లాయరు. ఆయన కాగితాలు ఫోర్ట్ కాలిన్స్‌లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాటర్ రిసోర్సెస్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. నీళ్ల కోసమే విడిగా ఒక ఆర్కైవ్ ఉండటం చూసి కుళ్లుకున్నా. 1922 జూన్‌లోనే వయోమింగ్ వర్సెస్ కొలరాడో తీర్పొచ్చింది, ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు అనే సూత్రం రాష్ట్రాల మధ్య కూడా పనిచేస్తుందని సుప్రీంకోర్టు అంది, అంటే కాలిఫోర్నియా గబగబా వాడేసుకుంటే మిగతావాళ్లు నోరు మూసుకోవాల్సిందే. ఆ భయం పెట్టుకుని ఆ నవంబర్‌లో జరిగినవి చదివితే ఒక్కో రాష్ట్రం ఎందుకు అలా మాట్లాడిందో అర్థమవుతుంది. అరిజోనా అయితే 1944 దాకా ఒప్పందాన్ని ఆమోదించనే లేదు, మధ్యలో 1934లో వాళ్ల గవర్నర్ పార్కర్ డ్యామ్ కట్టనివ్వనని నేషనల్ గార్డ్‌నే, అంటే రాష్ట్రం చేతిలో ఉండే సైన్యాన్నే పంపాడు. 2023 నవంబర్‌లో నాగార్జున సాగర్ మీద మన రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడిన వీడియోలు చూసినవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

ఇంకో సంగతి, ఆ నది ఒడ్డున వేల ఏళ్లుగా ఉన్న ఆదివాసీ తెగల నుంచి ఆ బల్ల దగ్గర ఒక్కరు లేరు. ఏడో ఆర్టికల్‌లో ఒకే ఒక్క వాక్యం, తెగల పట్ల అమెరికా ప్రభుత్వానికి ఉన్న బాధ్యతలని ఈ ఒప్పందం ముట్టుకోదు అని. అంతే, అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. 1902 జూన్ 17 నాటి రిక్లమేషన్ చట్టం. పడమటి రాష్ట్రాల్లో కేంద్రం డ్యాములూ కాలవలూ కట్టడానికి పునాది ఇదే, చిన్న చట్టం, పది సెక్షన్లు. టీ తాగుతూ చదివేయొచ్చు. నాలుగో సెక్షన్‌లో కాంట్రాక్టులు ఎలా ఇవ్వాలో చెప్తూ చెప్తూ చివర్లో రెండు షరతులు కలిపి పెట్టారు: పనిరోజు ఎనిమిది గంటలే, మంగోలియన్ కూలీలని పెట్టుకోకూడదు. మంగోలియన్ అంటే ఆ రోజుల చట్టాల భాషలో ముఖ్యంగా చైనా వాళ్లు. కార్మికులు ఎన్నో ఏళ్లు కొట్లాడిన ఎనిమిది గంటల హక్కూ, ఒక జాతిని మొత్తం గేటు బయట నిలబెట్టే నిషేధమూ పక్కపక్కనే ఒకే వాక్యంలో, మధ్యలో ఒక కామా. నీళ్ల చట్టం అని చదువుతున్న నేను అక్కడ ఆగిపోయా. కేటలాగ్‌లో ఒక్కో ఆఫీసు కాగితాలకి ఒక రికార్డ్ గ్రూప్ నంబరు ఉంటుంది, అక్కడి నుంచి రిక్లమేషన్ వాళ్ల నీళ్ల రికార్డ్ గ్రూప్ 115 వదిలేసి ఇమిగ్రేషన్ వాళ్ల రికార్డ్ గ్రూప్ 85కి దూకా, ఇప్పటికీ ఆ రెండింటి మధ్యే తిరుగుతున్నా.

ఇదేమీ ఒక్క చట్టంలో దొర్లిన మాట కాదు. 1879 కాలిఫోర్నియా రాజ్యాంగంలో పంతొమ్మిదో ఆర్టికల్ మొత్తం చైనా వాళ్ల మీదే, రాష్ట్రం గానీ కౌంటీ గానీ మునిసిపాలిటీ గానీ చేయించే ఏ ప్రభుత్వ పనిలోనూ చైనా మనిషిని పెట్టుకోకూడదు, నేరానికి శిక్షగా అయితే తప్ప. మళ్లీ చదవండి, శిక్షగా అయితే ఓకే అట. 1931లో హూవర్ డ్యామ్ కాంట్రాక్టులో కూడా మంగోలియన్ కూలీలు వద్దనే షరతు ఉంది. అంటే కొలరాడో నదిని కట్టేసిన ఆ డ్యామ్ కాగితాల్లో చైనా వాళ్లు కనిపించేది వద్దు అనే ఒక్క చోటే.

అదే ఆ డ్యామ్ కంటే యాభై డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్తే కథ తిరగబడుతుంది. కాలిఫోర్నియాలో శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టా ఉంది, మన కోనసీమ లంకల్లాగే బురద, రెల్లు, వరద. ఆ కరకట్టలు పోసింది ఎక్కువగా చైనా కూలీలే, పారలతో చక్రాల బండ్లతో, నడుం లోతు నీళ్లలో. 1860 నుంచి 1880 మధ్యలో సుమారు 88,000 ఎకరాలు అలా సాగులోకి తెచ్చారని లెక్క. తర్వాత ఆ భూమి వాళ్లు కొనుక్కోవడానికి లేదు, 1913 ఏలియన్ ల్యాండ్ లా అడ్డం. వాల్‌నట్ గ్రోవ్‌లో చైనా పేట కాలిపోయాక 1915లో కొందరు లాక్ అనే కుటుంబం దగ్గర నేల లీజుకి తీసుకుని ఊరు కట్టుకున్నారు, ఊరి పేరు కూడా లాక్ అయిపోయింది, ఇళ్లు వాళ్లవి నేల వేరేవాళ్లది. కాలిస్ఫియర్‌లో ఇలాంటి డెల్టా ఊళ్ల పేర్లు కొట్టి చూడండి, చెక్క ఇళ్ల వీధులు, దుకాణాల బోర్డులు, ఫోటోలు పెద్దవి చేసి చూసుకుంటూ కూర్చుంటే టైం తెలీదు. నాకు ఈ మూడింట్లో కాలిస్ఫియరే ఎక్కువ ఇష్టం, చదవడానికి బద్ధకంగా ఉన్న రోజు దీన్ని తెరుస్తా.

సెర్చ్ గురించి ఒక తమాషా చెప్పాలి. హూవర్ డ్యామ్ కట్టిన కాంట్రాక్టర్ల గుంపు పేరు సిక్స్ కంపెనీస్. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా వాళ్ల పెద్ద సంఘానికి కూడా జనం పిలిచే పేరు సిక్స్ కంపెనీసే, అదే చైనీస్ కన్సాలిడేటెడ్ బెనెవొలెంట్ అసోసియేషన్. ఈ సంఘం కాంట్రాక్టర్ల కంటే ఎంతో పాతది, చైనా కూలీలకి రెసిడెన్స్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన 1892 గియరీ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పోరాటం వెనక ఉన్నది వీళ్లే, 1893లో ఫాంగ్ యూ టింగ్ కేసులో ఓడిపోయారు. కాంట్రాక్టర్లు తమ పేరు అక్కడి నుంచే ఎత్తుకున్నారని చెప్తారు. పేరు చైనా వాళ్లది కావాలి, చైనా వాళ్లు మాత్రం పనికి రాకూడదు, ఎంత బావుందో చూడండి. సెర్చ్‌లో ఉత్తి సిక్స్ కంపెనీస్ అని కొడితే రెండూ కలగలిసి వస్తాయి కాబట్టి పక్కన సంవత్సరం గానీ డ్యామ్ అనే మాట గానీ తగిలించండి.

ఇక చైనా వాళ్ల ఫైళ్లు. దీనికైతే ఐదుకి ఐదు. 1882 మే 6న చైనీస్ ఎక్స్‌క్లూజన్ చట్టం వచ్చింది, కూలీలు రాకూడదు, వ్యాపారులు, విద్యార్థులు, టీచర్లు లాంటి కొందరికి మాత్రం మినహాయింపు. 1888లో స్కాట్ చట్టం అని ఇంకోటి, సొంతూరు చూసొద్దామని తిరిగొచ్చే సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని వెళ్లిన దాదాపు 20,000 మంది బయటే ఇరుక్కుపోయారు. 1892 నుంచి ప్రతి చైనా కూలీ రెసిడెన్స్ సర్టిఫికెట్ జేబులో పెట్టుకు తిరగాలి. ఇదంతా రద్దయ్యింది 1943 డిసెంబర్‌లో, అది కూడా యుద్ధంలో చైనా మిత్రదేశం అయ్యింది కాబట్టి, అయినా ఏడాదికి 105 మంది అని కోటా పెట్టారు. నూట ఐదు!

ఈ అరవై ఏళ్లలో ఎంత కాగితం పుట్టిందో ఊహించండి. శాన్ ఫ్రాన్సిస్కో పక్కన శాన్ బ్రూనోలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ కేసు ఫైళ్లు ఉన్నాయి. ఒక్కో ఫైల్లో ఫోటో, ప్రశ్నలూ జవాబులూ టైపు చేసిన పేజీలు, సాక్షుల అఫిడవిట్లు, కొన్నిట్లో ఊరి మ్యాపులు కూడా. 1906 ఏప్రిల్ 18 భూకంపం, దాని వెనకాల వచ్చిన మంటల్లో శాన్ ఫ్రాన్సిస్కో పుట్టుక రికార్డులు కాలిపోయాయి, దాంతో నేను ఇక్కడే పుట్టా కాబట్టి పౌరుణ్ని, చైనాలో ఉన్న నా కొడుకులూ రావచ్చు, ఇంతమంది ఉన్నారు అని చెప్పుకునే వీలు దొరికింది, ఆ కొడుకుల పేర్లతో వేరేవాళ్ల పిల్లలు వచ్చేవాళ్లు, పేపర్ సన్స్ అంటారు. అది పట్టుకోవడానికి 1910 నుంచి 1940 దాకా శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలాండ్ అనే దీవిలో ఆపి ప్రశ్నలు వేసేవాళ్లు. మీ ఇంటి ముందు మెట్లెన్ని, మీ వరసలో మూడో ఇంట్లో ఎవరుంటారు, బియ్యం పెట్టె ఎక్కడుంటుంది, బావి ఎటువైపు. తండ్రినీ కొడుకునీ విడివిడిగా అడిగి జవాబులు పోల్చేవాళ్లు. నన్ను ఇప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో అరుగుకి మెట్లెన్ని అని అడిగితే నేను కచ్చితంగా వెనక్కి వెళ్లే ఓడలో ఉంటా.

పేరున్నవాళ్ల ఫైళ్లతో మొదలెడితే సులువు. వాంగ్ కిమ్ ఆర్క్ కాగితాలు కేటలాగ్‌లో ఉన్నాయి, అమెరికాలో పుట్టినవాడు అమెరికా పౌరుడే అని 1898లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు ఇతనిదే, ఇప్పటికీ న్యూస్‌లో వినపడుతూనే ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన సినిమా నటి అన్నా మే వాంగ్ అంతటి మనిషి కూడా దేశం బయటికి వెళ్లి రావాలంటే ముందు ఫారం 430 నింపాలి, నేను ఇక్కడి పౌరురాలినే అని నిరూపించుకోవాలి. ఆ ఫారం మీద ఫోటో అంటించి ఉంటుంది, సినిమా పోస్టర్ మీద చూసిన మొహమే.

చదవగా చదవగా నాకు అనిపించింది ఏంటంటే, ఈ ఫైళ్లు ఇంత లావుగా ఉన్నది ప్రేమతో కాదు, అనుమానంతో. ప్రభుత్వం ఎవర్ని ఎంత అనుమానిస్తే వాళ్ల ఫైలు అంత పెరిగింది, ఆ పుణ్యాన మనవళ్లకి మునిమనవళ్లకి తాతల ఊరి మ్యాపు దొరుకుతోంది. నీళ్ల ఫైళ్లూ అంతే, ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రాన్ని నమ్మకపోబట్టే ప్రతి మాటా రాసిపెట్టుకున్నారు. మట్టి మోసినవాడి గురించి మాత్రం నీళ్ల ఫైల్లో ఏమీ ఉండదు, వాడి కోసం ఇమిగ్రేషన్ ఫైల్లోకి వెళ్లాలి, అక్కడేమో వాడి ఇంటి మెట్లు ఎన్నో ఉంటుంది గానీ వాడు పోసిన కట్ట ఎక్కడుందో ఉండదు. అందుకే రెండూ పక్కపక్కన తెరిచి చదవాలి అంటున్నా, కేటలాగ్ మీకు ఆ లింకు ఇవ్వదు.

మన వైపు చూస్తే మనసు కొంచెం చివుక్కుమంటుంది. విశాఖ, శ్రీకాకుళం వైపు ఇళ్లల్లో రంగూన్ మాట వినని ముసలాళ్లు ఉండరు. కోరంగి వాళ్లు అని పిలిచేవారట అక్కడ మన తెలుగు కూలీలని, రేవులో బస్తాలు మోసేది వీళ్లే. 1930 మేలో రంగూన్ రేవులో మనవాళ్లు సమ్మె చేస్తే బదులుగా బర్మా వాళ్లని పెట్టుకున్నారు, తర్వాత మనవాళ్లని మళ్లీ తీసుకోబోతే అల్లర్లు జరిగి చాలామంది పోయారు. 1942లో జపాన్ వాళ్లొచ్చినప్పుడు నడిచొచ్చినవాళ్లు ఎంతమందో. వాళ్లకి మనిషికో ఫైలు, ఫోటో, ఊరి మ్యాపు లాంటివి ఏవీ లేవు, రాజ్యం కళ్లకి వాళ్లు తలకాయల లెక్క మాత్రమే. మన నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో బర్మా అని వెతికితే ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలు వస్తాయి, అదీ మంచిదే, రిజిస్టర్ చేసుకుని చూడండి, కానీ మెట్లు లెక్కపెట్టిన మనిషి గొంతు అందులో వినపడదు.

సరే, ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే, స్కాన్ అయినవి తక్కువ, కానివే ఎక్కువ. కేటలాగ్‌లో ఆన్‌లైన్‌లో ఉన్నవి మాత్రమే చూపించు అనే ఫిల్టర్ ముందే పెట్టుకోకపోతే వందల రిజల్ట్స్ వచ్చి, దేన్ని నొక్కినా ఫలానా ఊర్లో ఫలానా అల్మరాలో ఉంది అని వస్తుంది, మనం ఉన్నదేమో బీచ్ రోడ్ ఊళ్లో. కాపీ కావాలంటే మెయిల్ పెట్టి డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు, డాలర్లలో మరి. నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీకి, పేరు చెప్పను, ఒక ఫోల్డర్ స్కాన్ కోసం రాస్తే ఆటోమేటిక్ జవాబు వచ్చింది, తర్వాత మనిషి జవాబు రానే లేదు. అదే ఇంకోచోట ఆర్కైవిస్టు అడగని ఫైలు గురించి కూడా చెప్పి లింకు పంపారు, అదృష్టం మీద ఉంటుంది.

పేర్ల గోల ఇంకోటి. ఆఫీసర్లు కాంటనీస్ పేర్లని చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు, ఒకే మనిషి మూడు ఫైళ్లలో మూడు స్పెల్లింగులతో ఉంటాడు, పైగా పెళ్లప్పుడు పెట్టుకునే పేరు వేరు. వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందొస్తుంది, అక్కడి క్లర్కులు చివరిది ఇంటిపేరు అనుకుని రాసేశారు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఇనీషియల్ తంటాలు పడ్డ తెలుగువాళ్లకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు. కాబట్టి ఒక స్పెల్లింగ్‌తో రాలేదని వదిలేయకండి, ఓడ పేరుతో, వచ్చిన సంవత్సరంతో, ఊరి పేరుతో కూడా వెతకండి.

చేతిరాత ఉన్నవి ఫోన్‌లో చదవలేం, ఆశ వదులుకోండి, లాప్‌టాప్ కావాల్సిందే. కళ్లకి నొప్పనిపిస్తే ప్రింట్ తీయించుకోవచ్చు గానీ, డాబాగార్డెన్స్ వైపు ఒక జిరాక్స్ షాపులో ఇస్తే పేజీలు తారుమారు చేసి స్పైరల్ బైండింగ్ కూడా వేసేశారు, కౌంటర్ దగ్గరే నిలబడి పేజీ నంబర్లు చూసుకోండి. చూడటానికి ఈ అమెరికా సైట్లలో దేనికీ అకౌంట్ అక్కర్లేదు. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో అకౌంట్ చేసుకుంటే పాత చేతిరాత పేజీలని చూసి టైపు చేసి పెట్టొచ్చు, సిటిజన్ ఆర్కైవిస్ట్ అని పిలుస్తారు, ఎవరైనా చేయొచ్చు, ఇంగ్లీషు కలిపిరాత చదవడం వచ్చిన మన రిటైర్డ్ టీచర్లకి మంచి కాలక్షేపం అనిపించింది. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో తయారుచేసిన కాగితాలకి అక్కడ కాపీరైట్ ఉండదు, ధైర్యంగా వాడుకోవచ్చు, కాలిస్ఫియర్ ఫోటోలు మాత్రం ఒక్కోదాని కింద హక్కుల సంగతి రాసుంటుంది, చదివి వాడండి.

ఎవరికి పనికొస్తుంది అంటే, లా చదివేవాళ్లకి, ఏయూలో హిస్టరీ చేసేవాళ్లకి, నీళ్ల మీద రాసే జర్నలిస్టులకి కచ్చితంగా. బచావత్ రిపోర్ట్ పక్కన పెట్టుకుని కొలరాడో ఒప్పందం చదవండి, మన ట్రిబ్యునల్ రిపోర్టులు జలశక్తి శాఖ సైట్‌లో పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. ఊరికే టైంపాస్‌కి అయితే ఫారం 430 ఫోటోలతో మొదలెట్టండి. నేనైతే ఇప్పుడు రికార్డ్ గ్రూప్ 115లో యూమా ప్రాజెక్టు దగ్గర ఉన్నా, కొలరాడో మీద రిక్లమేషన్ వాళ్ల తొలినాళ్ల పనుల్లో ఒకటి అది, లగునా డ్యామ్ 1909లో అయిపోయింది. ఆ డ్యామ్ మీద పనిచేసిన కూలీల హాజరు పట్టీలు ఎక్కడైనా స్కాన్ అయ్యి ఉన్నాయని మీకు తెలిస్తే నాకూ చెప్పండి.